సోదరి నివేదిత

విద్యాదానం మహాదానమని మన పెద్దలు చెప్పారు. అయితే ఇచ్చేవారికీ, స్వీకరించేవారికీ నడుమ భాష, మతం, ఆచారం అడ్డుగోడలై నిలిచినపుడు ఆ దానం అంత సులభం కాదు. ఇచ్చేవారు పాలకజాతికి, స్వీకరించేవారు పాలితజాతికి చెందినపుడు అది మరింత కష్టం. దాత మనస్సులో ఏ కొంచెం ఆధిక్యభావం ఉన్నా, అది గ్రహీత ఆత్మగౌరవాన్ని గాయపరుస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఇంగ్లండు నుంచి కలకత్తా నగరానికి వచ్చి, ఒక ఇరుకు సందులో ఆడపిల్లల బడి తెరచి, తన శేషజీవితాన్ని దానికే అర్పించిన ఒక ఉపాధ్యాయిని ఈ సత్యాన్ని స్వానుభవంతో తెలుసుకొన్నది. బోధించడానికి వచ్చిన ఆమె, అంతకుముందు ఎంతో నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకొన్నది ఎంతో విడిచిపెట్టవలసి వచ్చింది. ఆమెయే సోదరి నివేదిత.

నివేదిత అసలు పేరు మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. ఆమె 1867 అక్టోబరు 28వ తేదీన ఐర్లండులోని టైరోన్ మండలంలో డంగానన్ అనే పట్టణంలో జన్మించింది. తండ్రి శామ్యూల్ రిచ్‌మండ్ నోబుల్ క్రైస్తవ మతబోధకుడు. తల్లి మేరీ ఇసబెల్. తొలిచూలు బిడ్డ క్షేమంగా భూమిమీద పడితే ఆ బిడ్డను దైవసేవకు అర్పిస్తానని తల్లి మ్రొక్కుకొన్నదని ఆమె జీవితచరిత్రకారులు వ్రాశారు. తండ్రి పేదల ఇండ్లకు వెళ్ళి వారి కష్టసుఖాలు విచారించేటపుడు చిన్నారి మార్గరెట్ కూడా ఆయన వెంట వెళ్ళేది. కాని ఆ పితృవాత్సల్యం ఆమెకు ఎంతోకాలం దక్కలేదు. 1877లో, ముప్పది నాలుగేండ్ల పిన్న వయస్సులోనే ఆయన మరణించాడు. అప్పటికి మార్గరెట్‌కు పదేండ్లు. తల్లి పిల్లలతో తన పుట్టింటికి చేరుకొన్నది. మాతామహుడు హామిల్టన్ ఐర్లండు స్వపరిపాలన కోసం పాటుపడిన దేశభక్తుడు. పరాయి పాలనలో ఉన్న జాతి పడే వేదన ఎటువంటిదో ఆ ఇంటిలోనే ఆ బాలిక చెవిని పడింది.

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో చదువు ముగించుకొని, 1884లో పదిహేడేండ్ల వయస్సులోనే ఆమె కెస్విక్ అనే ఊరిలో ఉపాధ్యాయినిగా చేరింది. కొంతకాలం తరువాత రెక్స్‌హామ్‌కు వెళ్ళింది. అది బొగ్గుగనుల ప్రాంతం. పగలు పాఠాలు చెప్పి, తీరిక వేళలలో గనికార్మికుల వాడలకు పోయి వారి దైన్యాన్ని చూసి, పత్రికలకు వ్యాసాలు వ్రాసేది. తరువాత చెస్టర్‌లో, ఆపైన లండన్ సమీపంలోని వింబుల్డన్‌లో పనిచేసింది. పిల్లవాని మనస్సు ఖాళీ కుండ కాదని, దానిలో సహజంగా ఉన్న శక్తులు ఆటలద్వారా, చేతిపనులద్వారా వికసించాలని పెస్టలాజీ, ఫ్రోబెల్ వంటి విద్యావేత్తలు బోధించిన మార్గం ఆమెను ఆకర్షించింది. 1895 నాటికి ఆమె వింబుల్డన్‌లో రస్కిన్ పాఠశాల అనే పేరుతో సొంత బడిని నడుపుతున్నది. లండన్ మేధావుల సమావేశాలలో ఆమె మాటకు విలువ ఏర్పడింది. పేరు, వృత్తి, స్వాతంత్ర్యం అన్నీ ఉన్నప్పటికీ మనస్సులో ఏదో వెలితి ఉండేది. చిన్ననాటి మతవిశ్వాసం క్రమంగా సడలిపోయింది. దాని స్థానాన్ని భర్తీచేయగల సత్యం ఆమెకు ఇంకా దొరకలేదు.

1895 నవంబరు మాసంలో లండన్‌లోని ఒక గృహంలో ఆమె స్వామి వివేకానందుని ప్రసంగం విన్నది. మొదట ఆ మాటలలో తనకు తెలియని కొత్తదనమేమీ లేదనిపించింది. ఇంటికి వెళ్ళి ఆలోచించిన కొద్దీ, అంత తేలికగా తీసివేయడం న్యాయం కాదని తోచింది. ఆమె మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ప్రతి విషయాన్నీ ప్రశ్నించింది, సందేహించింది, వాదించింది. చివరకు ఆయనను గురువుగా స్వీకరించింది. భారతదేశంలో స్త్రీవిద్య ఎంతో వెనుకబడి ఉన్నదనీ, ఆ పనికి అంకితభావం గల స్త్రీలు కావాలనీ వివేకానందుడు చెప్పగా, ఆ పనికి తాను సిద్ధమని ఆమె తెలియజేసింది.

వివేకానందుడు ఆమెకు భ్రమలు కల్పించలేదు. 1897లో వ్రాసిన లేఖలో రాబోయే కష్టాలన్నింటినీ విడమరచి చెప్పాడు. ఇక్కడి పేదరికం, మూఢాచారాలు, భరింపరాని ఎండలు, పాశ్చాత్య సౌకర్యాలేవీ లభించని జీవనం, అంటుదోష భయంతో దూరంగా తొలగిపోయే ఇరుగుపొరుగు, ప్రతి అడుగునూ అనుమానంతో చూసే తెల్లజాతివారు, ఇవన్నీ ఆలోచించుకొని మరీ రమ్మన్నాడు. ఆమె పనిలో విజయం సాధించినా, విఫలమైనా తాను మాత్రం ఆమెకు అండగా ఉంటానని మాట ఇచ్చాడు. మార్గరెట్ తన పాఠశాలను, తల్లిని, తోబుట్టువులను విడిచి ఓడ ఎక్కింది. 1898 జనవరి 28వ తేదీన ఆమె కలకత్తా రేవులో దిగినపుడు స్వామీజీ స్వయంగా ఎదురువచ్చి స్వాగతం చెప్పాడు.

ఆ ఏడాది మార్చి 17వ తేదీన ఆమె శ్రీరామకృష్ణ పరమహంస ధర్మపత్ని శారదాదేవిని దర్శించింది. శారదాదేవి పల్లెటూరిలో పుట్టిన సనాతన బ్రాహ్మణ వితంతువు. ఆనాటి కట్టుబాట్ల ప్రకారం పరదేశి స్త్రీతో కలిసి భుజించడం ఊహకందని విషయం. అయినా ఆమె ఈ విదేశీ వనితలను బిడ్డలుగా ఆదరించి, వారితో కలిసి ఫలహారం చేసింది. ఆ ఒక్క ఘటనతో మార్గరెట్‌కు బాగ్‌బజారులోని హిందూ కుటుంబాల తలుపులు తెరుచుకోవడానికి మార్గం ఏర్పడింది. మార్చి 25వ తేదీన వివేకానందుడు ఆమెకు బ్రహ్మచర్య దీక్ష ఇచ్చి నివేదిత అని నామకరణం చేశాడు. అర్పింపబడినది అని ఆ పేరుకు అర్థం. ఎన్నో ఏండ్లకు పూర్వం ఐర్లండులో ఒక తల్లి మ్రొక్కుకొన్న మ్రొక్కు గంగాతీరంలో ఈ విధంగా నెరవేరింది.

కాని పేరు మారినంత త్వరగా మనస్సు మారలేదు. ఆ వేసవిలో స్వామీజీ తన పాశ్చాత్య శిష్యురాండ్రను హిమాలయ ప్రాంతాలకు తీసుకువెళ్ళాడు. అల్మోరాలో ఉన్న రోజులు నివేదిత జీవితంలో మిక్కిలి బాధాకరమైనవి. ఆమె ఇంకా ఆంగ్లేయుల చూపుతోనే భారతదేశాన్ని చూస్తున్నదని, బ్రిటిషు పతాకంపట్ల ఆమె భక్తి చెక్కుచెదరలేదని గురువు గ్రహించాడు. ప్రతి ఉదయం జరిగే సంభాషణలలో ఆమె అభిప్రాయాలను, అభిరుచులను ఆయన నిర్దాక్షిణ్యంగా ఖండించేవాడు. తన దేశాన్ని ప్రమాణంగా పెట్టుకొని ఇతర దేశాలను కొలవడం అజ్ఞానమని ఆయన ఉద్దేశం. వేలమైళ్ళు దాటి వచ్చిన తనకు ఆదరణకు బదులు మందలింపు లభించడం నివేదితకు దుర్భరమైంది. అయినా తిరిగి వెళ్ళిపోవాలన్న తలంపు మాత్రం ఆమెకు కలుగలేదు. తోటి శిష్యురాలు కలుగజేసుకొని ఆమె పడుతున్న వేదనను స్వామీజీకి తెలియజేసింది. ఒక సాయంకాలం ఆయన శాంతించి నివేదితను ఆశీర్వదించాడు. ఆనాటితో తనలో ఏదో అడ్డు తొలగిపోయినట్లు ఆమె అనుభవించింది. గురువు తన పూర్వసంస్కారాలనే కాని తనను నిరాకరించలేదని ఆమెకు అర్థమైంది. ఆ రోజులలోనే ఆమె స్వామి స్వరూపానంద వద్ద బెంగాలీ భాషను, భగవద్గీతను అభ్యసించింది. పాఠాలు చెప్పడంలో ఆరితేరిన ఉపాధ్యాయిని పలకబలపం పట్టిన విద్యార్థిని అయింది.

1898 నవంబరు 13వ తేదీ, కాళీపూజ నాడు, బాగ్‌బజారులోని బోస్‌పారా సందులో పదహారవ నంబరు ఇంటిలో నివేదిత బాలికా పాఠశాల ప్రారంభమైంది. శారదాదేవి పూజ చేసి బడిని ఆశీర్వదించింది. వివేకానందుడు, ఆయన సోదర సన్న్యాసులు ఆ శుభకార్యానికి విచ్చేశారు. ప్రారంభోత్సవం సులభంగానే జరిగింది. పిల్లలను చేర్చడమే కష్టమైంది. ఆడపిల్లకు చదువెందుకు అనేవారు కొందరు. చదువు మంచిదే కాని పరమతస్థురాలు చెప్పే చదువు వద్దనేవారు మరికొందరు. నివేదిత ఇంటింటికీ తిరిగింది. పెద్దల ఎదుట చేతులు జోడించి వేడుకొన్నది. ఒక యువ వితంతువును బడికి పంపమని అర్థిస్తూ, ఆ ఇంటి పెద్దావిడ ముందు మోకరిల్లిందని కూడా చెబుతారు. లండన్‌లో మేధావుల మెప్పు పొందిన వనిత కలకత్తా సందులో ఒక విద్యార్థినికోసం మోకరిల్లడానికి వెనుదీయలేదు.

ఆ ఇల్లు పాతకాలపుది. లోగిలి చుట్టూ చిన్నచిన్న గదులు, తల తగిలేటంత తక్కువ ఎత్తు కప్పు. వేసవిలో ఆ గదులు కొలిమిలా ఉండేవి. తాటాకు విసనకర్ర తప్ప వేరే సాధనం లేదు. తలనొప్పి బాధిస్తున్నా ఆమె వ్రాతబల్ల విడిచేది కాదు. తెల్లవారకముందే లేచి ధ్యానం చేసుకొని, వ్రాతపని ముగించుకొని, బడివేళకు సిద్ధమయ్యేది. మొదట్లో ఆమె ఇంటి నీరు ముట్టడానికి కూడా ఇరుగుపొరుగువారు సంకోచించేవారు. ఆమె దానిని అవమానంగా భావించలేదు. వారి ఆచారాన్ని గౌరవించి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది. ఒకనాడు ఎదుటి గుడిసెలో ఒక పసిబిడ్డ మరణించింది. ఏడుపు విని నివేదిత వెళ్ళి, ఆ తల్లిని ఒడిలోకి తీసుకొని గంటలతరబడి కూర్చున్నది. బిడ్డ ఎక్కడికి పోయిందని ఆ తల్లి విలపిస్తుంటే, జగన్మాత అయిన కాళి దగ్గర ఉన్నదని ఓదార్చింది. ఆ తల్లి దుఃఖానికి ఆ తల్లి నమ్మిన దేవత పేరే ఊరట అని ఆమె అప్పటికే గ్రహించింది. క్రమంగా వాడలోని స్త్రీలకు ఆమె పరాయి మనిషి కాకుండా పోయింది. చిన్నా పెద్దా అందరికీ ఆమె సిస్టర్.

బోధనలో కూడా ఆమె తనను తాను సరిదిద్దుకొన్నది. ఫ్రోబెల్ పద్ధతిని ఇంగ్లండులో ఉన్నదున్నట్లుగా ఇక్కడికి తెస్తే అది ఇక్కడి మట్టిలో వేరు పట్టదని తెలుసుకొన్నది. బెంగాలీ ఇండ్లలో ఆడపిల్లలు పండుగలకు పెట్టే ఆల్పనలను, అంటే మన ముగ్గుల వంటివాటిని, చిత్రలేఖనానికి ఆధారంగా తీసుకొన్నది. మట్టిబొమ్మలు చేయడం, కుట్టుపని, అల్లికలు పాఠ్యాంశాలైనాయి. రామాయణ భారత కథలే చరిత్రకు, నీతికి, భాషకు ద్వారాలైనాయి. ఒక్కొక్క బాలిక స్వభావం ఎటువంటిది, ఏ పనిలో ఆసక్తి చూపుతున్నది, ఎక్కడ వెనుకబడుతున్నది అనే వివరాలను ఆమె శ్రద్ధగా వ్రాసి ఉంచేది. పిల్లలు వేసిన మంచి చిత్రాలను అపురూప వస్తువులవలె గోడలకు అలంకరించేది. పిల్లలను ప్రదర్శనశాలకు, దక్షిణేశ్వర ఆలయానికి తీసుకువెళ్ళేది. గడప దాటి ఎరుగని ఆ బాలికలకు గంగానదిలో పడవ ప్రయాణమే ఒక గొప్ప పాఠం.

ఒకనాడు తరగతిలో ఒక బాలిక గీత అనే అర్థంలో ఇంగ్లీషు మాట వాడింది. నివేదిత దానికి బెంగాలీ మాట చెప్పమన్నది. పిల్లలెవరికీ వెంటనే తోచలేదు. ఆమె మనస్సు చివుక్కుమన్నది. కొంతసేపటికి ఒక బాలిక రేఖ అన్నది. నివేదిత ముఖం వికసించింది. ఏదో పోగొట్టుకొన్న నిధి దొరికినట్లు ఆ మాటను ఆమె పదేపదే ఉచ్చరించింది. మరొకప్పుడు భారతదేశపు రాణి ఎవరని ఆమె ప్రశ్నించగా, పిల్లలు విక్టోరియా మహారాణి అని బదులు చెప్పారు. సీతాదేవి పేరు ఒక్కరికీ తోచనందుకు ఆమె ఎంతో బాధపడి, ఈ దేశపు రాణి ఎప్పటికీ సీతయేనని వారికి బోధించింది. బ్రిటిషు పతాకాన్ని విమర్శిస్తే కన్నీరు పెట్టుకొన్న మార్గరెట్ నోబుల్‌కు, ఈ నివేదితకు ఎంత దూరమో ఈ ఘటనలు తెలుపుతాయి.

బడి తెరచిన కొద్ది నెలలకే కలకత్తాను ప్లేగు వ్యాధి చుట్టుముట్టింది. 1899 మార్చి మాసాంతంలో రామకృష్ణ మిషన్ సహాయకార్యక్రమాన్ని చేపట్టి, నివేదితకు కార్యదర్శి బాధ్యతను, స్వామి సదానందకు పారిశుద్ధ్య నిర్వహణను అప్పగించింది. పాకీపనివారితోపాటు సదానంద మురికివాడలను శుభ్రం చేయించేవాడు. నివేదిత పత్రికల ద్వారా విరాళాలు కోరింది. ఏప్రిల్‌లో వివేకానందుని అధ్యక్షతన జరిగిన సభలో విద్యార్థుల కర్తవ్యాన్ని గురించి ప్రసంగించి యువకులను సేవకు పిలిచింది. ఒకచోట మనుషులు చాలకపోతే తానే చీపురు పట్టి వీధి ఊడ్వసాగింది. అది చూసి సిగ్గుపడిన యువకులు ముందుకు వచ్చి ఆమె చేతిలోని చీపురు అందుకొన్నారు.

ఆ రోజులలో ప్రసిద్ధ వైద్యుడు రాధాగోవింద కర్ చూసిన దృశ్యం ఒకటి ఉన్నది. బాగ్‌బజారు బస్తీలో తల్లిని కోల్పోయిన ఒక బాలుడు ప్లేగుతో మంచం పట్టాడు. వ్యాధి అంటుకొనేదనీ, జాగ్రత్తగా ఉండాలనీ ఆయన నివేదితను హెచ్చరించాడు. సాయంకాలం మళ్ళీ వెళ్ళి చూస్తే, చెమ్మగిల్లిన ఆ పాడుగుడిసెలో ఆ బాలుని ఒడిలో పెట్టుకొని ఆమె కూర్చుని ఉన్నది. తన ఇంటిని విడిచి రాత్రింబవళ్ళు అక్కడే ఉండి సేవ చేసింది. గుడిసెకు సున్నం వేయవలసి వస్తే చిన్న నిచ్చెన ఎక్కి తానే వేసింది. రెండు రోజుల తరువాత ఆ బాలుడు ఆమె చేతులలోనే కన్నుమూశాడు. ఆమె సేవ ఆ ప్రాణాన్ని నిలుపలేకపోయింది. కాని తల్లి లేని ఆ పసివాడు అంతిమక్షణాలలో తల్లి ఒడికి దూరం కాలేదు.

ఇంతలో పాఠశాలకు ధనాభావం ఏర్పడింది. రుసుము ఇచ్చి చదివే పిల్లలు కారు వారు. బడి మూసివేయక తప్పలేదు. నిధులు సేకరించే ఉద్దేశంతో 1899 జూన్ 20వ తేదీన ఆమె వివేకానందునితో కలిసి పాశ్చాత్య దేశాలకు బయలుదేరింది. వారు ఎక్కిన ఓడ పేరు గోల్కొండ. ఓడ మద్రాసు చేరేసరికి స్వామీజీని చూడటానికి జనం రేవుకు తరలివచ్చారు. కాని కలకత్తాలో ప్లేగు ఉన్నందువల్ల ప్రయాణికులను దిగనివ్వలేదు. అమెరికాలో ఆమె ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చింది. భారతస్త్రీని గురించి అక్కడివారిలో పాతుకుపోయిన దురభిప్రాయాలను చూసి నివ్వెరపోయింది. విరాళాలు అడగడానికి వెళ్ళిన ఆమె, భారతదేశం పక్షాన వాదించవలసి వచ్చింది. ఆశించినంత ధనం రాలేదు. అయినా నిరాశపడక 1902 ఫిబ్రవరిలో తిరిగి వచ్చి బడిని మళ్ళీ తెరచింది.

ఆ ఏడాది జూలై 2వ తేదీన ఆమె బేలూరు మఠానికి వెళ్ళి గురువును దర్శించింది. అది ఏకాదశి. ఉపవాసంలో ఉన్న వివేకానందుడు శిష్యురాలికి స్వయంగా వడ్డించి, భోజనానంతరం ఆమె చేతులకు నీళ్ళు పోసి, తువాలుతో తుడిచాడు. శిష్యురాలు చేయవలసిన సేవ గురువు చేయడమేమిటని ఆమె వారించగా, ఏసుక్రీస్తు తన శిష్యుల పాదాలు కడిగిన విషయాన్ని ఆయన జ్ఞాపకం చేశాడు. క్రీస్తు ఆ పని చేసినది తన చివరి రోజులలో కదా అన్న మాట ఆమె పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. రెండు రోజులకు, జూలై 4వ తేదీ రాత్రి, వివేకానందుడు సమాధి చెందాడు. మరునాడు దహనసంస్కారానికి తీసుకువెళ్ళేవరకు ఆమె ఆయన భౌతికకాయం పక్కన కూర్చుని విసనకర్రతో విసరుతూనే ఉన్నది.

తనను ఈ దేశానికి రప్పించిన మహనీయుడు కనుమరుగైన తరువాత కూడా ఆమె ఇక్కడే ఉండిపోయింది. దేశం బానిసత్వంలో ఉన్నంతకాలం చదువు ఒక్కటే చాలదని ఆమెకు తోచింది. రాజకీయాలకు దూరంగా ఉండాలన్నది మఠం నియమం. తనవల్ల మఠానికి ప్రభుత్వంనుంచి ఇబ్బంది కలుగరాదని, ఆ జూలైలోనే ఆమె సంస్థతో అధికార సంబంధాన్ని వదులుకొన్నది. సన్న్యాసులతో ఆత్మీయబంధం మాత్రం చివరివరకు కొనసాగింది.

1903 నుంచి అమెరికా నుంచి వచ్చిన సోదరి క్రిస్టీన్ బడి బాధ్యతను పంచుకొన్నది. ఆమె సహకారంతో వివాహితలకు, వితంతువులకు ప్రత్యేక తరగతులు ఏర్పడ్డాయి. ఇంటిపనులు ముగించుకొని మధ్యాహ్నం వేళ వారు తెరలు కట్టిన గుర్రపుబండిలో వచ్చి చదువు, కుట్టుపని నేర్చుకొనేవారు. బడి ఖర్చులలో చాలా భాగం నివేదిత తన పుస్తకాల ద్వారా, వ్యాసాల ద్వారా వచ్చే ఆదాయంనుంచి భరించేది. అది చాలనపుడు తన భోజనం ఖర్చు తగ్గించుకొనేది. పొరుగున ఉండే ఒక బాలవితంతువుకు ఏకాదశి రోజులలో ఆమె పండ్లు, మిఠాయిలు పెట్టేది. ఒక ఏకాదశి నాడు ఆ సంగతి మరచి మిత్రుల ఇంటికి వెళ్ళింది. జ్ఞప్తికి రాగానే హుటాహుటిన తిరిగివచ్చి, ఆ బాలికను పిలిపించి, తన మరపుకు ఎంతో నొచ్చుకొన్నది.

నివేదిత స్వభావంలో లోపాలు లేకపోలేదు. ఆమె తొందరపాటు మనిషి. తాను నమ్మినదానిని ఇతరులు వెంటనే నమ్మకపోతే సహించలేకపోయేది. ఆమె తీవ్రత కారణంగా ఆమెతో కలిసి పనిచేయడం తనకు కష్టమైనదని రవీంద్రనాథ ఠాకూరు దాపరికం లేకుండా వ్రాశాడు. ఆయనే ఆమెను లోకమాత అని కూడా కీర్తించాడు. తన కుమార్తెకు ఇంగ్లీషు చదువు చెప్పమని ఒకసారి రవీంద్రుడు ఆమెను కోరాడు. ఆమె అంగీకరించలేదు. పైనుంచి పరాయి చదువును రుద్దడం విద్య కాదని, బిడ్డలో జాతిసిద్ధంగా, వ్యక్తిసిద్ధంగా ఉన్న శక్తిని మేల్కొల్పడమే విద్య అని ఆమె అభిప్రాయం. ఇంగ్లీషు నేర్పడానికి ఇంగ్లండునుంచి వచ్చిన ఉపాధ్యాయిని నిరాకరించడం వింతగా తోచవచ్చు. కాని అల్మోరాలో మొదలైన మార్పు ఆమెలో ఎంత లోతుకు పోయినదో ఈ నిరాకరణమే చెబుతుంది.

ఆ చిన్న ఇల్లు ఆనాటి మహనీయులకు నెలవైంది. శాస్త్రజ్ఞుడు జగదీశచంద్ర బోసు తన ఆవిష్కరణలకు విదేశాలలో ఆదరణ కరవై కృంగిన దినాలలో నివేదిత ఆయనకు ధైర్యం చెప్పి, ఆయన గ్రంథాల రచనలో తోడ్పడింది. అజంతా చిత్రాలకు ప్రతులు వ్రాయడానికి నందలాల్ బోసు వంటి యువ చిత్రకారులను ప్రోత్సహించి పంపింది. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఆమెను కలిసినపుడు, భార్యను వెంట తీసుకురాలేదేమని ఆమె ప్రశ్నించింది. స్త్రీని సమానురాలిగా చూడనివారు దేశానికి స్వేచ్ఛ ఎట్లా తేగలరన్నది ఆమె భావం. ఆ మాట ఆయనను ఎంతగానో కదిలించింది. ఆయన ఆమెను గురువుగా భావించి తన గ్రంథాన్ని అంకితం చేశాడు. స్వదేశీ ఉద్యమకాలంలో ఆమె బడిలో ఒక వృద్ధురాలు పిల్లలకు నూలు వడకడం నేర్పింది. నివేదిత రూపకల్పన చేసిన వజ్రాయుధ చిహ్నపు జాతీయపతాకాన్ని ఆ పిల్లలే కుట్టారు. 1906లో కలకత్తా కాంగ్రెసు సందర్భంగా జరిగిన ప్రదర్శనలో దానిని ఉంచారు.

ఆ సంవత్సరమే తూర్పు బెంగాలులో వరదలు, కరవు సంభవించాయి. నివేదిత పడవలలో, కాలినడకన బారిసాల్ ప్రాంతపు పల్లెలు తిరిగి బాధితులను పరామర్శించింది. వారి దుఃస్థితిని, దానికి గల కారణాలను వ్యాసాలుగా ప్రకటించింది. తిరిగి వచ్చాక తీవ్రమైన జ్వరం ఆమెను చాలాకాలం పీడించింది. ఆ తరువాత ఆమె ఆరోగ్యం మునుపటివలె కుదుటపడలేదు.

1911లో శరదృతువు సెలవులకు ఆమె జగదీశచంద్ర బోసు దంపతులతో డార్జిలింగు వెళ్ళింది. అక్కడ రక్తగ్రహణి వ్యాధి సోకింది. అంత్యకాలం సమీపించినదని గ్రహించి అక్టోబరు 7వ తేదీన వీలునామా వ్రాయించింది. తనకున్న కొద్దిపాటి ధనాన్ని, తన గ్రంథాలపై రాబోయే ఆదాయాన్ని భారతీయ స్త్రీలకు జాతీయవిద్య నేర్పడానికి వినియోగించాలని బేలూరు మఠం ధర్మకర్తలకు అప్పగించింది. అక్టోబరు 13వ తేదీ ఉదయం, నలుబది నాలుగేండ్లు నిండకముందే, ఆమె కన్నుమూసింది. హిందూ సంప్రదాయం ప్రకారం హిమాలయ సానువులలో ఆమెకు అంత్యక్రియలు జరిగాయి.

పదమూడేండ్లకు పైగా సాగిన ఆమె ప్రవాసజీవితంలో బడి ఒకసారి మూతపడింది, మళ్ళీ తెరుచుకొన్నది. చదువు మధ్యలో పెండ్లిళ్ళై పిల్లలు వెళ్ళిపోయేవారు. నివేదిత ఆశించినంత పెద్ద సంస్థగా అది ఆమె కండ్లముందు ఎదగలేదు. అయినా ఆమె వెలిగించిన దీపం ఆరిపోలేదు. బాగ్‌బజారులో ఆ పాఠశాల ఆమె పేరుతోనే నేటికీ నడుస్తున్నది. తన దేశపు కొలబద్దతో ఇతరులను కొలవడం మానుకొన్న తరువాతనే ఆమె మంచి ఉపాధ్యాయిని కాగలిగింది. ఒక ఆడపిల్ల నోట రేఖ అనే చిన్న మాట విని ఆమె పొందిన ఆనందంలో, ఆమె ఈ దేశానికి ఇచ్చినదీ, ఈ దేశంనుంచి పొందినదీ రెండూ ఉన్నాయి.